నాలుగో పలక

మ్యూజియంలో అందరూ ఆయన్ని గ్లౌజులాయన అనేవాళ్ళు. ముప్ఫై నాలుగేళ్ళుగా తెల్ల నూలు గ్లౌజులు లేకుండా ఆయన చేతులు చూసినవాళ్ళు ముగ్గురే: ఇంట్లో భార్య, కింద క్యాంటీనులో టీ పోసేవాడు, అక్కడ ఆయనతో టీ తాగే సెక్యూరిటీ ఆఫీసరు. కాగితాల మీద ఉద్యోగం పేరు ప్రదర్శన సహాయకుడు. పని మాత్రం అద్దాల బీరువాల్లో వస్తువులు అమర్చడం, తీయడం, తుడవడం, మళ్ళీ అమర్చడం. పగిలిన కుండ పెంకు దగ్గర్నుంచి బంగారు పిడి కత్తి దాకా ఆ భవనంలో ఆయన చేతి మీదుగా వెళ్ళనిది లేదు. చేతిలోంచి జారిందీ లేదు.

ఆ శుక్రవారం రిటైరవుతున్నాడు. మంగళవారం పొద్దున మెట్ల కింద తన బల్ల దగ్గర కూర్చుని పదిహేనో చీటీ రాస్తున్నాడు.

"రెండో అంతస్తు, ఆరో గది, మూడో బీరువా. ఇత్తడి ఆస్ట్రోలేబ్. పై పలక తప్పు వైపు పైకి ఉన్నది. సరిచేయ మనవి."

పదకొండేళ్ళ కింద మొదటి చీటీ పేజీన్నర రాశాడు. ఏటేటా చీటీ చిక్కిపోతూ వచ్చింది. రాసేవాడికి ఓపిక పోయింది, చదివేవాడికి అది ఎప్పుడూ లేదు.

మొదటిదానికి "పరిశీలనలో ఉంది" అని జవాబొచ్చింది. రెండోదానికి "మూడు ప్రతుల్లో పంపండి" అన్నారు. మూడు ప్రతుల్లో పంపితే "ఒకే విషయమై మూడు చీటీలు అందినవి, ఒకటి చాలు" అని తిప్పి పంపారు. అయిదోదానికి కరెంటువాడు నిచ్చెన మోసుకొచ్చి బీరువా పైన వేలాడే బల్బు మార్చాడు. "బల్బు కాదయ్యా, పలక!" అంటే "నాకు బల్బనే చెప్పారు సార్" అని నిచ్చెన ఎత్తుకుని పోయాడు. తొమ్మిదోదానికి బీరువా అద్దం బయటినుంచి తుడవమని ఉత్తర్వొచ్చింది. తుడిచే ఉద్యోగి ఆయనే కాబట్టి ఉత్తర్వు ఆయనకే వచ్చింది. పళ్ళు నూరుకుంటూ తుడిచి, "అమలు చేయడమైనది" అని కింద సంతకం కూడా పెట్టాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఇంతకంటే నయం. వాడు కనీసం ఊదేవాడి బుగ్గలైనా చూస్తాడు.

"ఇన్నేళ్ళ బట్టీ ఉన్నావు, తీసి తిప్పేస్తే పోదా?" అనే అమాయకులు ఉండేవాళ్ళు. బీరువాకి రెండు తాళాలు. పై తాళం చెవి రిజిస్ట్రార్ మేడమ్ దగ్గర, కింది తాళం చెవి సెక్యూరిటీ ఆఫీసరు దగ్గర. ఇద్దరూ ఒకేసారి రావాలి, రావాలంటే ఉత్తర్వుండాలి, ఉత్తర్వు రావాలంటే చీటీ కదలాలి. చేతులు మాత్రం ఆయనవి. అవి ఎప్పుడూ ఖాళీయే.

ఇంతకీ ఆ వస్తువు ఏమంత పెద్దదని? మధ్యరకం పళ్ళెమంత ఉంటుంది, చిటికెన వేలంత మందం. తొమ్మిది వందల ఏళ్ళ కింద అరబ్బీ రాసే దేశంలో ఒక పనివాడు చేశాడు. లోతు పళ్ళెంలాంటి బిళ్ళ, అందులో ఒకదాని మీద ఒకటిగా నాలుగు పల్చటి ఇత్తడి పలకలు, అన్నిటి పైనా కోసి తీర్చిన జాలీ. జాలీకి ముళ్ళలాంటి కొనలుంటాయి, అవి నక్షత్రాలు. జాలీని తిప్పితే ఆకాశం తిరిగినట్టు. కింద పలక మీద గీతలు, మనిషి నిలబడి చూసే చోటు. అన్నిటినీ కలిపి నడుమ ఒక మేకు, మేకు ఊడిరాకుండా దాని చీలికలో ఒక శీల. శీలకి గుర్రం తల చెక్కి ఉంటుంది కాబట్టి దాని పేరే గుర్రం. పొద్దు ఎప్పుడు పొడుస్తుందో, రాత్రి ఎంత గడిచిందో, నమాజు వేళ ఎప్పుడో ఆ కాలం వాళ్ళు దీన్ని చూసి చెప్పేవాళ్ళు.

పలకకి రెండు వైపులా గీతలే, ఒక్కో వైపు ఒక్కో ఊరి ఆకాశానికి. ఊరు మారితే పలక తిప్పుకోవాలి. అడుగునుంచి లెక్కపెడితే నాలుగోది, అంటే జాలీలోంచి కనపడే పలకకి, ఒక వైపు ముప్ఫై ఆరో అక్షాంశం. అది చేసినవాడి సొంత ఊరు. రెండో వైపు ముప్ఫై రెండు, దక్షిణాన ఎక్కడో ఇంకో ఊరు. బీరువాలో లేబుల్ మీద "తయారుచేసినవాని స్వస్థలపు ఆకాశానికి అమర్చినది, అక్షాంశం 36" అని ఉంది. అమర్చి ఉన్నది ముప్ఫై రెండుకి. ఒకరి గుమ్మానికి ఇంకొకరి పేరు కొట్టినట్టు.

పలక అంచుకి చిన్న పన్ను ఉంటుంది, అది పళ్ళెంలోని గాటులో కూర్చుంటుంది. తిప్పి పెట్టినా అదే గాటులో అంతే చక్కగా కూర్చుంటుంది. మోసమంతా అక్కడే.

అలా తిప్పి పెట్టిన మనిషి ఎవరో ఆయనకి తెలుసు. తనే.

బీరువాలు మార్చిన ఏడు జరిగింది. విప్పడంలో ఆయనకొక పద్ధతి ఉంది. తీసిన భాగాన్ని వైపు మార్చకుండా స్పాంజి ట్రేలో ఎడమనుంచి కుడికి పేర్చుకుంటాడు, మళ్ళీ కుడినుంచి ఎడమకి తీసి బిగిస్తాడు. ఆ మధ్యలో మాట్లాడడు, ఫోనెత్తడు, దగ్గొచ్చినా మింగేస్తాడు. ఆ రోజు మాత్రం కేటలాగు కోసం ఫోటోగ్రాఫరొచ్చి ప్రతి పలకకీ రెండు వైపులా ఫోటో కావాలన్నాడు. ఒక్కోటీ తిప్పి చూపించి, మళ్ళీ తిప్పి ట్రేలో పెట్టాడు. నాలుగోదాని దగ్గర ఫోటోగ్రాఫరు "వెలుతురు కొట్టేసింది, ఇంకొక్కసారి" అన్నాడు. ఇంకోసారి తిప్పాడు. ఆ ఇంకోసారి దగ్గర లెక్క తప్పింది.

మూడు నెలలకి కేటలాగు అచ్చయి వచ్చింది. అందులో, విప్పకముందు తీసిన ఫోటోలో, జాలీ సందున రెండు అరబ్బీ అక్షరాలు కనపడ్డాయి. ఒకటి చేతికర్రలా, ఒకటి తోకకప్పలా. ఆ కాలంలో అక్షరాలే అంకెలు. ఎప్పుడో ఒక అరబ్బీ పండితుడొస్తే, ఆయన ముందు వస్తువు పట్టుకుని నిలబడ్డప్పుడు విన్న ముక్క అది: కర్ర ముప్ఫై, తోకకప్ప ఆరు. పైకెళ్ళి బీరువాలోకి చూశాడు. కర్ర ఉంది. పక్కన తోకకప్ప లేదు, చిన్న పడవ ఉంది. పడవ అంటే రెండు.

వెంటనే వెళ్ళి "నా వల్లే" అని చెప్పి ఉంటే అయిపోయేది. చెప్పలేదు. దానికొక కారణముంది. ఆయన తండ్రి గోదాములో పెట్టెలు ఎక్కించేవాడు. ఒకనాడు చేతిలోంచి సీసాల పెట్టె ఒకటి, ఒకే ఒక్కటి, జారింది. ఆ రోజునుంచి ఆ మనిషి పేరు జారుడు చేతులోడు. చచ్చేదాకా ఆ పేరే. పిల్లల్ని కూడా వీధిలో "జారుడు చేతులోడి కొడుకు, జారుడు చేతులోడి కూతురు" అనే పిలిచేవాళ్ళు. ఆ పేరు మీద తెల్ల గ్లౌజులు తొడుక్కోవడానికి కొడుక్కి ముప్ఫై నాలుగేళ్ళు పట్టింది.

ఆ గ్లౌజులకి ఇప్పుడొక కాగితం కూడా రాబోతోంది. శుక్రవారం సభలో చదివే వీడ్కోలు పత్రంలో, "సర్వీసు మొత్తంలో ఒక్క పొరపాటైనా నమోదు కానివారు" అనే వాక్యం ఉంటుందని ఆఫీసులో చెప్పారు. ఆ భవనంలో ఆ వాక్యం ఇంతవరకూ ఎవరికీ రాలేదు. ఇంట్లో భార్య ముందుగది గోడ మీదున్న గడియారాన్ని పక్కకి జరిపి మేకు కూడా కొట్టించింది.

*

చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఆరో గదిలోకి వెళ్ళేసరికి లెక్కల టీచరమ్మ అప్పటికే వచ్చి ఉంది.

ఆవిడ రిటైరై పదేళ్ళయింది. నాలుగు నెలలుగా ప్రతి మంగళవారం వస్తోంది. మడత కుర్చీ, కళ్ళజోళ్ళు రెండు, చంకలో అట్టల కట్ట. లేబుల్ మీది కొలతలు పట్టుకుని ఆ యంత్రానికి అట్టతో నకలు చేస్తోంది. ఎందుకని అడిగితే "ఊరికే కూర్చుంటే కోడలితో పోట్లాడాల్సొస్తోంది" అని చెప్పింది.

ఆ రోజు ఆవిడ అట్టలు బయటికి తీయలేదు. వొళ్ళో చేతులు పెట్టుకుని బీరువా కేసి చూస్తోంది.

"నమస్కారం టీచరుగారూ. ఇవాళ గీత లేదా?"

"ఏం గీత తమ్ముడూ! రెండోది కూడా చింపేశాను."

"చింపేశారా?"

"కుదిరితేగా! ముప్ఫై ఆరుకి లెక్కకట్టి గీస్తే ఆ వంపు ఇంత లోతుగా రావాలి." గాలిలో వేలితో ఒక వంపు గీసింది. "అక్కడ చూడు, చదునుగా పోయింది. మొదటిసారి వృత్తలేఖిని వదులైందేమో అనుకున్నా, కొత్తది కొన్నా. రెండోసారి కళ్ళేమో అనుకున్నా, జోడు మార్చా. ఇంక మార్చడానికి బుర్రొక్కటే మిగిలింది."

గ్లౌజులాయన జేబులో చీటీ తడుముకున్నాడు. "లెక్క మీదే అయ్యుండకపోవచ్చు కదండీ. వాళ్ళే తప్పు పెట్టారేమో."

"ఎవరూ, మ్యూజియం వాళ్ళా?" టీచరమ్మ ఆయన్ని తరగతిలో చివరి బెంచీవాణ్ణి చూసినట్టు చూసింది. "అద్దాల బీరువా, రెండు తాళాలు, లేబుల్ మీద అక్షాంశంతో సహా! వాళ్ళు తప్పు పెడతారా? నలభై ఏళ్ళు పిల్లలకి చెప్పాను, జవాబు కుదరకపోతే పుస్తకాన్ని తిట్టకండి, మీ లెక్క మళ్ళీ చెయ్యండని. ఇప్పుడు నాకో నీతి, వాళ్ళకో నీతా? వయసైపోయింది. ఒప్పుకోవాలి."

కుర్చీ మడిచింది. "ఇదే ఆఖరు రావడం. కోడలికి చెప్పేస్తా, పోట్లాటకి సిద్ధంగా ఉండమని."

కర్రా పడవా అద్దంలోంచి ఆయన కేసి చూస్తున్నాయి. ఈవిడ లెక్క నూటికి నూరుపాళ్ళూ సరి. సరైన అట్టలు రెండు చింపేసి, సరైన బుర్రని పనికిరాదనుకుని ఇంటికి పోతోంది. అంతా ఒకడు పదకొండేళ్ళుగా మూతి బిగించుకోవడం వల్ల.

"టీచరుగారూ, రేపు మధ్యాహ్నం ఒక్కసారి రండి."

"రేపు బుధవారం. నేను మంగళవారాలే వస్తాను."

"రేపు రండి. అట్టలు తెచ్చుకోండి. చింపినవి పారెయ్యకపోతే అవి కూడా."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయనకే భయమేసింది. పదకొండేళ్ళలో తెరుచుకోని బీరువా రేపటికి ఎలా తెరుచుకుంటుంది?

*

ఇన్‌వార్డు గదిలో పాత గుమాస్తా బదిలీ అయి మూడు వారాలైంది. ఆ కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుంటోంది, చెవిలో పెన్సిలు. చీటీ తీసుకుని చదివింది, తిప్పి చూసింది, బీరువాలోంచి ఒక ఫైలు తీసి దుమ్ము దులిపింది. పద్నాలుగు పాత చీటీలూ అందులోనే ఉన్నాయి.

"ఇవన్నీ మీరేనా బాబాయ్‌గారూ?"

"నేనే."

"అన్నిట్లోనూ 'బాధ్యులు' గడి ఖాళీగా వదిలేశారేం?"

"పలక తిరగాలి గానీ బాధ్యులతో ఏం పనమ్మా?"

"అయ్యో, అదే కదా పని!" అమ్మాయి పెన్సిలు తీసి బల్ల మీద కొట్టింది. "ఆ గడి ఖాళీగా ఉంటే అది సూచన. సూచనలు కమిటీకి పోతాయి. ఆ గడిలో పేరుంటే అది పొరపాటు. పొరపాటుకి గులాబీ రంగు కాగితం వేరే ఉంది. అది అందిన మర్నాటికల్లా సరిచెయ్యాలి. రూలు. మేడమ్‌కీ, సెక్యూరిటీకీ నేనే ఫోను కొట్టి పిలుస్తాను."

గ్లౌజులాయన పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. "మర్నాటికా?"

"మర్నాటికే."

"మరి ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది?"

అమ్మాయి ఇంకో ఫైలు తెరిచింది. "అయిదుగురు ఉండాలి. ఇద్దరు రిటైరయ్యారు. ఒకాయన పోయారు. క్యూరేటరు పోస్టు తొమ్మిదేళ్ళుగా ఖాళీ."

"అయిదోవారు?"

"అయిదోవారు ప్రతి ఏడూ వచ్చి, నలుగురు లేరని రాసి వెళ్తున్నారు."

ఆయనకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, చివరికి రెండూ కాని దగ్గొకటి వచ్చింది. పదకొండేళ్ళుగా పై వాళ్ళందరినీ పేరుపేరునా తిట్టుకున్నాడు. తలుపు పక్కనే ఉంది. తను గోడని గుద్దుతూ వచ్చాడు.

"ఈ పాత గుమాస్తా నాకొక్క ముక్క చెప్పలేదే!"

"మీరడగలేదంట. పోయేటప్పుడు నాతో అన్నాడు, ఏటా ఒకాయన చీటీ తెస్తాడు, పాపం మాట్లాడడు, పెట్టి పోతాడు అని."

గులాబీ కాగితం తీసి ముందు పెట్టింది. "పేరు రాస్తే ఆయన సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో ఒక లైను పడుతుంది. అంతకు మించి ఏం కాదు. పేరు తెలుసా మీకు?"

"ఆలోచించి రాస్తాను" అన్నాడు గ్లౌజులాయన. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

క్యాంటీనులో సెక్యూరిటీ ఆఫీసరు పట్టుకున్నాడు. ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా ఒకే బల్ల దగ్గర టీ తాగుతున్నారు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆఫీసరు ఆయన్ని బావా అంటాడు. జేబులోంచి గులాబీ కొస కనపడగానే కనిపెట్టేశాడు.

"ఎవణ్ణి ఇరికిస్తున్నావు బావా, పోయేముందు?"

గ్లౌజులాయన పలక సంగతే మళ్ళీ ఎత్తాడు. ఈసారి ఫోటోగ్రాఫరు వచ్చాడనీ, ఆ గందరగోళంలో తిరగబడిందనీ చెప్పాడు. ఎవరి చేతిలో తిరగబడిందో చెప్పలేదు.

"ఓస్, అంతేనా! ఫోటోగ్రాఫరు పేరు రాసెయ్. ఆయన పోయి ఆరేళ్ళయింది. పోయినవాడికి సర్వీసు పుస్తకమేంటి, ఎర్ర సిరా ఏంటి? పలక తిరుగుతుంది, నీ కాగితం నీకుంటుంది. పాము చావదు, కర్ర విరగదు." తాళం చెవుల గుత్తి ఊపుతూ నవ్వాడు. "నేనైతే ఇప్పుడే రాసేద్దును. పెన్ను కావాలా?"

పెన్ను తీసుకున్నాడు. గడి మీద ఆనించాడు కూడా. ఫోటోగ్రాఫరు ముఖం గుర్తొచ్చింది. పొట్టి మనిషి. పని అయ్యాక "మీ చేతులు చూస్తుంటే నాకు కెమెరా పట్టుకోవడానికి సిగ్గేస్తోంది గురువుగారూ" అన్నాడు.

"గ్లౌజులు తీసి రాయాలి, ఇక్కడ చిరాగ్గా ఉంది" అని పెన్ను తిరిగిచ్చేశాడు.

"ఇరవై ఏళ్ళుగా గ్లౌజులు తీసే కదా ఇక్కడ టీ తాగుతున్నావు?"

"టీ వేరు" అని లేచాడు.

*

ఇంట్లో భార్య కొత్త చొక్కాకి గుండీలు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూస్తోంది. గోడ మీద కొత్త మేకు తళతళమంటోంది.

"ఫ్రేము వాడికి చెప్పాను" అంది. "కాగితం కొలత తెమ్మన్నాడు. అడిగారా?"

"ఫ్రేము వద్దులే."

"ఎందుకు వద్దు?"

ఆయన ఎదురు కుర్చీలో కూర్చుని గులాబీ కాగితం మడతలు విప్పాడు. టీచరమ్మ చింపేసిన అట్టల సంగతీ, అమ్మాయి చెప్పిన రూలూ, ఆఫీసరు ఇచ్చిన సలహా అన్నీ చెప్పాడు. అసలు ముక్క దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించాడు.

"అయితే... ఆ పలక తిప్పి పెట్టింది..."

"మీరే" అంది భార్య, గుండీ వదలకుండా.

"నీకెవరు చెప్పారు?"

"చెప్పాలా? ఆ యేడు మీరు మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. వేరేవాడి తప్పైతే మీరు అన్నం మానతారా? రెండు ముద్దలు ఎక్కువ తిని మరీ తిడతారు."

"తెలిసి పదకొండేళ్ళు ఊరుకున్నావా?"

"మీరెప్పుడు చెప్తారో చూద్దామని." గుండీ ఊడి చేతికొచ్చింది. దాన్ని ఆయన ముఖం ముందు ఆడిస్తూ గొంతు పెంచింది. "పదకొండేళ్ళు! పొద్దున లేస్తే పలక, పడుకుంటే పలక. చుట్టాలొస్తే పలక. నా చెల్లెలు పురిటి నొప్పులు పడుతుంటే ఆస్పత్రి వరండాలో కూర్చుని దాని మొగుడికి పలక గురించి చెప్పారు! ఒక్క పేరు రాస్తే పోయేదానికి నా చెవులు చిల్లులు పొడిచారు కదండీ!"

"మచ్చ పడుతుందే. నాన్న పేరు..."

"మావయ్యగారి పెట్టె జారింది. అందరి ముందూ జారింది, ఆయన అందరి ముందే గాజు పెంకులు ఏరాడు. మీరు అప్పుడు పక్కనే ఉన్నానన్నారు కదా. ఏరిన సంగతి ఎవరికైనా చెప్పారా ఎప్పుడైనా? జారిందే చెప్తారు."

ఆయన గులాబీ కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టాడు.

"మేకు మాత్రం పీకను" అంది భార్య, సూదిలో దారం ఎక్కిస్తూ. "గోడ పాడవుతుంది."

*

బుధవారం పొద్దున తొమ్మిదింటికి, గ్లౌజులు తీసి, గులాబీ కాగితం మీద "బాధ్యులు" అన్న గడిలో తన పేరు రాశాడు. గడి చిన్నది, పేరు పొడుగు. చివరి రెండక్షరాలు గీత దాటాయి.

అమ్మాయి చదివి తలెత్తింది. "మీరా?"

"నేనే."

"శుక్రవారం పత్రం టైపైపోయింది బాబాయ్‌గారూ."

"మళ్ళీ టైపు చెయ్యండి."

"మెషిన్ రిపేరుకి పోయింది" అంది అమ్మాయి బాధగా. అయినా ఫోనెత్తింది.

రెండింటికి ఆరో గదిలో రిజిస్ట్రార్ మేడమ్, సెక్యూరిటీ ఆఫీసరు, అమ్మాయి, గ్లౌజులాయన నిలబడ్డారు. పదకొండేళ్ళలో ఆ రెండు చెవులూ ఆ బీరువా ముందు కలవడం అదే మొదలు. మేడమ్ కాగితం చదివి, కళ్ళజోడు పైనుంచి ఆయన్ని చూసింది.

"నాతో ఒక్కమాట చెప్తే సరిపోయేది కదయ్యా. రోజూ నమస్కారం పెడతావు."

"నమస్కారంతో పాటు అది కూడా పెట్టాల్సింది మేడమ్."

ఆఫీసరు మాత్రం కింది తాళం తిప్పుతూ చెవిలో గొణిగాడు. "పెన్ను నాది ఇచ్చానుగా బావా. నీ అంత మొండివాణ్ణి నేను చూడలేదు."

ఆయన అద్దం పక్కకి జరిపాడు. వస్తువుని రెండు చేతులా ఎత్తి స్పాంజి మీద పెట్టాడు. గుర్రాన్ని వేలి కొసతో నెట్టాడు, మేకు తీశాడు, జాలీ ఎత్తాడు. నాలుగో పలకని అంచు పట్టి లేపి, తిప్పి, పన్ను గాటులో పడేదాకా ఆగి, వదిలాడు. తోకకప్ప కనపడింది. జాలీ, మేకు, గుర్రం. ఆఫీసరు గడియారం చూసి "నాలుగు నిమిషాలు" అన్నాడు.

నాలుగు నిమిషాలు! ఆయనకి తన నెత్తిన తనే మొట్టుకోవాలనిపించింది. గ్లౌజులున్నాయి కాబట్టి మానుకున్నాడు.

అప్పటికే టీచరమ్మ గుమ్మంలో ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలీదు. చింపిన అట్టముక్కల్ని టేపుతో అతికించి తెచ్చింది. ఎవర్నీ అడక్కుండా బీరువా దగ్గరికొచ్చి, అట్టని అద్దానికి ఆనించి, ఒక కన్ను మూసి చూసింది. జోడు మార్చి మళ్ళీ చూసింది. అట్ట మీది వంపూ, ఇత్తడి మీది వంపూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి.

గ్లౌజులాయన ఒక మంచి మాట కోసం ఎదురుచూశాడు. రాలేదు.

"ఎవరు పెట్టారు దీన్ని తప్పుగా?" అంది టీచరమ్మ.

"నేనే టీచరుగారూ."

"ఎన్నాళ్ళైంది?"

"పదకొండేళ్ళు."

"నిన్న నేను వయసైపోయిందని ఏడుస్తుంటే, పక్కన నిలబడి, తెలిసీ..."

"తెలుసండీ."

"నాలుగు నెలలు! రెండు అట్టలు! కొత్త వృత్తలేఖిని! కళ్ళజోడు!" ఒక్కోదానికీ ఒక్కో వేలు మడిచింది. "కోడలితో కూడా రాజీపడిపోయాను నిన్న సాయంత్రం, నీ మూలంగా!" చేతిలో అట్ట ఆయన చేతుల్లో పెట్టింది. "టేపు వేసింది పనికిరాదు. మూడోది చెయ్యాలి. జాలీ కొనలు కోయడానికి నా చేతులు వణుకుతాయి. నీవి వణకవుగా?"

"వణకవండీ."

"శుక్రవారం తర్వాత ఖాళీయేగా?"

"ఖాళీయేనండీ."

"సోమవారం పదింటికి మా ఇంటికి రా. ఆలస్యమైతే గుంజీలు తీయిస్తా" అని కుర్చీ పట్టుకుని వెళ్ళిపోయింది. మేడమ్ పై తాళం వేస్తూ మొదటిసారి నవ్వింది.

*

శుక్రవారం సభలో పత్రం రిజిస్ట్రార్ మేడమే చదివింది. టైపు మెషిన్ ఇంకా రాలేదు. అందుకని "ఒక్క పొరపాటైనా నమోదు కానివారు" అన్న ముక్క మీద స్కేలు పెట్టి గీత కొట్టి, పైన చేత్తో "ఒక పొరపాటు, తామే తెలిపి, తామే సరిచేసిరి" అని రాశారు. చదువుతూ మేడమ్ ఆ గీత దగ్గర ఆగింది. ముందు వరసలో ఎవరో దగ్గారు. గ్లౌజులాయన తన షూ కొసలు చూసుకున్నాడు. చెవులు కాలుతున్నాయి. తండ్రి చెవులు కూడా ఇలాగే కాలి ఉంటాయి.

ఇంటికొచ్చాక భార్య ఆ కాగితాన్ని దీపం దగ్గర పెట్టి చాలాసేపు చూసింది.

"గీత తిన్నగా కొట్టారు" అంది చివరికి. "స్కేలు పెట్టినట్టున్నారు." అని మేకుకి తగిలించింది.

సోమవారం పదికి అయిదు నిమిషాలుండగా టీచరమ్మ బల్ల దగ్గర కూర్చున్నాడు, వట్టి చేతులతో. కొత్త అట్ట, కత్తెర, సన్నటి బ్లేడు, ఆవిడ గీసిచ్చిన కాగితం. కోడలు టీ పెట్టి, నవ్వు ఆపుకుంటూ లోపలికి పోయింది.

"మొదలుపెట్టవయ్యా, ఏం చూస్తున్నావు?" అంది టీచరమ్మ.

"పెన్సిలుందా అండీ?"

"కోయడానికి పెన్సిలెందుకు?"

ఆయన అట్ట తీసుకుని రెండు వైపులా చూశాడు. ఒక వైపు, మూల మీద, చిన్నగా "పైకి" అని రాశాడు. తర్వాత బ్లేడు అందుకున్నాడు.